ఒళ్ళు జలదరించే నవలను నింపాదిగా చదవడం ఎలా?

దెయ్యాలు, చేతబడులు, తీరని పగలు, ఏళ్ళ తరబడి తాళం వేసి ఉంచిన గదులు చుట్టూ అల్లిన నవలలను మన పాఠకులు ఒక్క బిగిన చదివేస్తారు. "రాత్రి మొదలుపెట్టాను, తెల్లవారేసరికి ముగించాను" అనడం అలాంటి నవలకు మనం ఇచ్చే పెద్ద కితాబు. తిరుపతిలో పుట్టి పెరిగి, నలభై ఏళ్ళుగా ఈ కోవ నవలలను ఇష్టంగా చదువుతున్న నాకు, ఆ కితాబులోనే ఒక నష్టం దాగి ఉందని చాలా ఆలస్యంగా తెలిసింది. చివరికి ఏమవుతుందో తెలుసుకోవాలన్న తొందర పెరిగేకొద్దీ భయం పలచబడుతుంది. ఇంకా ఏమీ తేలని చోటనే భయం నివసిస్తుంది. తేలిన మరుక్షణం అది ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతుంది. రచయిత ఓపికగా పేర్చిన ఆ సందేహాన్ని చెదరనీయకుండా చివరి పేజీ దాకా మోసుకుపోవడానికి నేను పాటించే పద్ధతిని ఇక్కడ మెట్టు మెట్టుగా వివరిస్తున్నాను.

మొదటి మెట్టు: పుస్తకం తెరవకముందు

వెనుక అట్ట మీది వాక్యాలు చదవకండి. ముందుమాటను కూడా చివరికి వాయిదా వేయండి. ముందుమాట రాసే పెద్దలు అభిమానం కొద్దీ కథంతా చెప్పేయడం మన పుస్తకాలలో కద్దు. సాంఘిక నవలకు దానివల్ల వచ్చే లోటు కొంచెమే కానీ, ఈ కోవ నవలకు మాత్రం అది ప్రాణాంతకం. అదే కథ సినిమాగా వచ్చి ఉంటే, సినిమా సంగతి కూడా ఎవరినీ అడగకండి.

పాత పుస్తకాల విషయంలో మరో జాగ్రత్త అవసరం. డిగ్రీ చదివే రోజుల్లో నేను అద్దెకు తెచ్చుకున్న ఒక నవలలో, పన్నెండో పేజీ అంచున, ఎవరో పెన్సిలుతో "ఈవిడ ఎప్పుడో చచ్చిపోయింది" అని రాసి ఉంచారు. మిగిలిన రెండు వందల పైచిలుకు పేజీలూ చదివాను. ఆవిడ వచ్చి తలుపు తట్టిన ప్రతిసారీ, గుండె ఝల్లుమనవలసిన చోట నాకు చిరాకు మాత్రమే కలిగింది. ఆ నవలను మొదటిసారి చదివే భాగ్యం నాకిక లేదు. అందుచేత పాత ప్రతి చేతికి వచ్చినప్పుడు, అంచుల మీద రాతలు ఉన్నాయేమో, చివరి పేజీలు ఊడిపోలేదు కదా అన్నది ఇంట్లో ఇంకెవరి చేతనైనా చూపించుకోండి. రాతలుంటే వారి చేతనే చెరిపించండి.

1970లు, 80లలో ఇలాంటి నవలలు చాలావరకు వారపత్రికలలో ధారావాహికలుగా వెలువడ్డాయి. వారం వారం ఆ పేజీలను జాగ్రత్తగా విడదీసి, కుట్టి, బైండు చేయించుకున్న ఇళ్ళు మా వీధిలోనే మూడు నాలుగు ఉండేవి. అలాంటి బైండు దొరికితే అచ్చు పుస్తకం కన్నా దానినే ఎంచుకోండి. ప్రతి భాగం చివర "సశేషం" అన్న మాట కనిపిస్తుంది. వారం రోజులపాటు పాఠకుడి మనసులో నిలవాలని రచయిత ఆ చివరి వాక్యాన్ని చెక్కి ఉంటాడు. అచ్చు పుస్తకంలో ఆ మాటను తీసేసినా, భాగాన్ని ముగించిన తీరులో అతుకు తెలిసిపోతుంది. ఆనాటి పాఠకులు వారం ఆగారు. మీరు కనీసం ఒక రాత్రి ఆగండి.

రెండవ మెట్టు: కాలం, చోటు

మా ఊళ్ళో ఇందుకు తగిన కాలం కార్తీకం. ఈశాన్య రుతుపవనాల వాన పట్టుకుంటే శేషాచలం కొండలు మబ్బులో మునిగిపోతాయి, కపిలతీర్థం దగ్గర జలపాతం దూకుతుంది, పొద్దు వాలకముందే ఇళ్ళలో దీపాలు వెలుగుతాయి. వేసవిలో మిద్దె మీద పడుకుని చదవాలనిపించడం సహజమే కానీ, పక్క మిద్దెల మాటలు, కింద వీధిలో యాత్రికుల బండ్ల హారన్లు ఆ నిశ్శబ్దాన్ని నిలవనీయవు. గదిలో ఒక్క దీపం చాలు; దాని వెలుగు పేజీ మీద నిండుగా పడాలి. కళ్ళు చికిలించి చదవవలసి వస్తే మనసు కథ మీద నిలవదు.

సెల్‌ఫోను పక్క గదిలో ఉంచండి. ఈ ఒక్క విషయంలో నేను మినహాయింపు ఒప్పుకోను. రాత్రికి నలభై, యాభై పేజీలకు మించి చదవకండి. మూడు వందల పేజీల నవలకు ఆ లెక్కన ఆరేడు రాత్రులు పడుతుంది. ఆ రాత్రుల మధ్య వచ్చే పగళ్ళు కూడా చదువులో భాగమే. బస్టాండులో నిలబడినప్పుడో, కూరగాయలు తరిగేటప్పుడో, నిన్న రాత్రి చదివిన ఒక చిన్న వివరం ఉన్నట్టుండి గుర్తుకు వచ్చి కలతపెట్టడం మొదలుపెడితే, నవల తన పని తాను చేస్తున్నదన్నమాట.

మూడవ మెట్టు: మొదటి యాభై పేజీలు

అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కేవారికి గాలిగోపురం దాకా దారి నిట్టనిలువుగా ఉంటుంది. అక్కడిదాకా ఆయాసపడినవారికి ఆ తరువాత చాలా దూరం నడక తేలికవుతుంది. ఈ కోవలో మంచి నవలల నడక కూడా అటువంటిదే. మొదటి యాభై పేజీలలో ఏమీ జరగడం లేదనిపిస్తుంది. ఇల్లు, ఇంటిల్లిపాది, వంట, ఆఫీసు, ఒక పెళ్ళిచూపులు, ఒక బదిలీ ఉత్తర్వు. చాలామంది అక్కడ పేజీలు దాటవేస్తారు. రచయిత ముందు ముందు చెడగొట్టబోయే మామూలు జీవితాన్ని మామూలుగా స్థాపిస్తున్నది అక్కడే కనుక, ఆ పేజీలు దాటవేసినవారికి తరువాత ఏది మారిపోయిందో తెలియదు.

ఒక తెల్లకాగితం మీద ఇంటి పటం గీయండి. వీధివాకిలి ఎటు, పెరటి తలుపు ఎటు, బావి ఎక్కడ, మిద్దె మెట్లు ఏ గదిలోంచి వెళతాయి అన్నవి కథలో తెలిసినప్పుడల్లా చేర్చుకుంటూ పోండి. చంద్రగిరి వైపు పాత ఇళ్ళు చూసినవారికి పెద్ద పడసాల, చీకటి వంటిల్లు, మధ్యలో ఆకాశం కనిపించే తొట్టి వంటివి ఊహించుకోవడం కష్టం కాదు. పటం పక్కనే మనుషుల పేర్లు రాయండి. ప్రతి పేరు పక్కన ఆ మనిషిని ఇంకెవరు చూశారో, ఎవరు మాట్లాడారో రాసుకోండి. ఒక్కరికే కనిపించి, ఒక్కరితోనే మాట్లాడే మనిషి ఈ నవలలలో తరచుగా ఎదురవుతాడు. రచయిత ఆ సంగతి ఎంత దాచినా మీ కాగితం దాచదు.

నాల్గవ మెట్టు: రెండు వరుసల పుస్తకం

ఇది నా పద్ధతికి మూలస్తంభం కనుక కొంత వివరంగా చెబుతాను.

చిత్తూరు దగ్గర మా అవ్వ ఊళ్ళో, రాత్రిపూట చెరువుకట్ట అవతల ఒక వెలుగు లేచేది. కొంతదూరం సాగి, మాయమై, మళ్ళీ వేరొక చోట కనిపించేది. అది కొరివిదెయ్యం అని అవ్వ చెప్పేది. వ్యవసాయానికి కరెంటు రాత్రిళ్ళు ఇచ్చే రోజులు కనుక, మోటారు వేయడానికి టార్చిలైటు పట్టుకుని గట్ల మీద నడిచిపోయే రైతు అయి ఉంటాడని, చెరకుతోట అడ్డు వచ్చినప్పుడు వెలుగు కనుమరుగై, తోట దాటాక మళ్ళీ కనిపిస్తుందని మా మామ చెప్పేవాడు. అవ్వ మాట ఒక్కటే విని ఉంటే నాకు అది ఒక కథగా మిగిలేది. మామ మాట ఒక్కటే విని ఉంటే అటు తిరిగి చూసేవాడినే కాదు. రెండూ విన్నాను కాబట్టి, ఆ వెలుగు కనిపించిన ప్రతి రాత్రి, అది చెరకుతోట ఉన్న చోటనే మాయమవుతున్నదా, తోట లేని చోట కూడా మాయమవుతున్నదా అని ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చునేవాడిని.

ఆ కూర్చోవడమే ఈ నవలను చదవడం. బల్గేరియాలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన విమర్శకుడు త్స్వెతాన్ తొదొరోవ్ 1970లో వెలువరించిన గ్రంథంలో ఈ సందిగ్ధతనే ఇటువంటి సాహిత్యానికి ప్రాణంగా గుర్తించాడు. జరిగినదానికి లోకసహజమైన కారణం తేలితే కథ ఒక దారి పడుతుంది, అతీతశక్తి నిజమేనని తేలితే ఇంకొక దారి పడుతుంది, ఆ రెండింటి మధ్య ఊగినంతకాలం మాత్రమే అది దానిదైన స్వభావంతో ఉంటుంది అన్నది ఆయన వాదన సారాంశం.

ఒక నోటుపుస్తకంలో పేజీకి నడిమధ్యన గీత గీయండి. ఎడమవైపు "లోకం", కుడివైపు "అవతల" అని రాసుకోండి. కథలో వింత జరిగిన ప్రతిసారీ రెండు వైపులా ఒక్కొక్క వాక్యం రాయాలి. మీకు నమ్మకం లేని వైపు కూడా రాసి తీరాలి, లేకపోతే ఈ కసరత్తుకు అర్థం లేదు. వరుసగా నాలుగైదు ఘటనలకు ఒకవైపు రాయడానికి ఏమీ దొరకకపోతే, రచయిత మిమ్మల్ని రెండో వైపుకు తోస్తున్నాడని గ్రహించండి. అలా తోసినచోట మరింత అనుమానంగా చదవండి. మంచి రచయిత తోసేది సాధారణంగా తప్పుడు వైపుకే.

ఐదవ మెట్టు: వాక్యం దగ్గర ఆగడం

భయం అరుపులలో, రక్తపు మరకలలో ఉంటుందని అనుకునేవారు వాక్యాన్ని తేలిగ్గా దాటిపోతారు. ఉదాహరణ కోసం నేనే రాసిన ఈ చిన్న భాగాన్ని చూడండి.

"సాయంత్రం మబ్బు పట్టింది. మిద్దె మీది వడియాలు ఎవరూ తీయలేదు. సుభద్రమ్మ తానే పైకి వెళ్ళి, పాతచీర నాలుగు చెంగులూ కలిపి మూటకట్టి, కిందికి తెచ్చి వంటింటి గట్టు మీద దించింది. వడియాలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. చేతులు కడుక్కుని, తన ఒక్కదానికీ సరిపడా గుప్పెడు బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టింది."

వేగంగా చదివితే ఒక ఇల్లాలు వాన వచ్చేలోపు వడియాలు తెచ్చుకుంది, అంతే. నింపాదిగా చదవండి. "ఎవరూ తీయలేదు" అన్నప్పుడు ఆ ఇంట్లో నలుగురు ఉన్నారని మీరు అనుకున్నారు; అలా అనుకునేలా ఆ మాట పడింది. చివరి వాక్యంలో గుప్పెడు బియ్యం దగ్గరకు వచ్చేసరికి ఆవిడ ఒంటరిది. మరి వడియాలు పెట్టినదెవరు? వడియాలు పొద్దున్నే, ఎండ ముదరకముందు పెడతారు. పొద్దు వాలాక కూడా పచ్చిగా ఉన్నాయంటే, వాటిని పెట్టి ఎంతోసేపు కాలేదు. మబ్బు పట్టిన సాయంత్రం వడియాలు పెట్టే మనిషి ఎవరు? అన్నిటికన్నా ముఖ్యమైనది, సుభద్రమ్మ ఆశ్చర్యపోలేదు.

ఇప్పుడు మీ రెండు వరుసల పుస్తకం తెరవండి. ఎడమవైపు: మిద్దెలు కలిసి ఉన్న వీధి, పక్కింటివారు ఎండ కోసం ఇటువైపు వచ్చి పెట్టి ఉంటారు, ఆలస్యంగా పెట్టడం వల్ల, సాయంత్రం మబ్బు పట్టడం వల్ల ఎండలేదు. కుడివైపు: ఈ ఇంట్లో వడియాలు పెట్టే మనిషి ఒకరు ఉండేవారు, ఇప్పుడు లేరు. ఈ రెండు వాక్యాలూ రాసుకుని ఆ రాత్రికి పుస్తకం మూసేయగలిగితే, ఆ తరువాత మీ ఇంటి మిద్దె మీద చప్పుడైనప్పుడు ఆ వడియాలు గుర్తుకు వస్తాయి.

ప్రతి పేజీనీ ఇలా చదవడం సాధ్యం కాదు. "ఎవరో", "మళ్ళీ", "ఇంకా", "ఎప్పటిలాగే" అన్న మాటలు కనిపించిన చోట మాత్రం తప్పకుండా ఆగండి. "మళ్ళీ తలుపు తెరుచుకుంది" అన్నాడంటే అంతకుముందు ఎప్పుడు తెరుచుకుందో వెనక్కి వెళ్ళి వెతకండి. ఒక్కోసారి దొరకదు. అప్పుడు అది అచ్చుతప్పు కాదని అనుకుని ముందుకు సాగండి.

ఆరవ మెట్టు: శక్తికి హద్దులు, తిథికి లెక్క

నవలలోని దుష్టశక్తికి ఏమి చేతనవునో, ఏమి చేతకాదో ఒక పేజీలో విడిగా రాసుకోండి. ప్రయోగానికి వెంట్రుక కావాలా, కట్టుబట్ట కావాలా? గడప దాటగలదా? గడువు ఎన్ని రోజులు? చేయించినవాడు చెల్లించవలసిన మూల్యం ఏమిటి? హద్దులు లేని శక్తి భయపెట్టదు, ఎందుకంటే దేనినైనా చేయగలిగినదాని ఎదుట పాత్రలు చేసే పోరాటానికి విలువ లేదు. తాను పెట్టిన హద్దును రచయిత చివరి దాకా గౌరవించాడా అన్నది నవల బలానికి నేను వాడే కొలత. చివరి ముప్పై పేజీలలో, అంతవరకు ఊసే లేని స్వామీజీ ఒకరు హిమాలయాల నుంచి దిగివచ్చి మంత్రించిన విభూతితో కథ ముగిస్తే, అంతకుముందు ఎంత బాగా రాసినా ఆ నవలను నేను ఒప్పుకోలేను.

తిథుల విషయంలో కొంచెం ఖగోళం తెలిసి ఉండటం మేలు. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుడితోపాటే ఉదయించి, సూర్యుడితోపాటే అస్తమిస్తాడు. రాత్రి ఆకాశంలో ఉండడు. పున్నమినాడు పొద్దుగూకే వేళకు ఉదయిస్తాడు. బహుళ అష్టమినాడు ఇంచుమించు అర్ధరాత్రికి కానీ రాడు. శుద్ధ తదియనాడు చీకటిపడిన రెండు మూడు గంటలలోపే అస్తమిస్తాడు. కనుక తదియనాటి అర్ధరాత్రి కిటికీలోంచి వెన్నెల పడిందని ఒక పాత్ర చెబితే, అది రచయిత పొరపాటైనా కావాలి, ఆ వెలుగు వెన్నెల కాకనైనా పోవాలి. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన "డ్రాకులా" మొత్తం దినచర్యలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా వార్తల రూపంలో, చాలావరకు తేదీలతో సాగుతుంది. అటువంటి నవలకు తేదీల పట్టిక వేసుకుంటే, ఒకరు నిశ్చింతగా ఉత్తరం రాసుకుంటున్న రోజునే మరొకరు ఏ ప్రమాదంలో ఉన్నారో పక్కపక్కనే కనిపిస్తుంది.

ఏడవ మెట్టు: ఏ భయమో గుర్తించడం

భరతముని నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో భయానక రసానికి, బీభత్స రసానికి వేర్వేరు స్థాయిభావాలు, అంటే ఆ రసానికి మూలమైన మనోభావాలు, చెప్పాడు. భయానకానికి భయం, బీభత్సానికి జుగుప్స. భయానక రసానికి వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. భయాన్ని పుట్టించేవాటిలో వికృతమైన ధ్వనులు, నక్కలు, గుడ్లగూబలు, పాడుపడిన ఇల్లు, అడవి వంటివి ఆయన లెక్కపెట్టాడు. ఇన్ని శతాబ్దాల తరువాత కూడా మన నవలలు ఆ జాబితాలోని సరుకుతోనే నడుస్తున్నాయి. ఆంగ్ల రచయిత్రి ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో వెలుగుచూసిన వ్యాసంలో కూడా ఇటువంటి విభజనే ఉంది: ఒక రకం భయం మనసును విశాలం చేసి ఇంద్రియాలన్నిటినీ మేల్కొలుపుతుంది, రెండవది వాటిని ముడుచుకుపోయేలా చేస్తుంది.

చదివేటప్పుడు మీలో కలుగుతున్నది ఏదో గమనించండి. శవం వర్ణన దగ్గర కడుపులో తిప్పితే అది బీభత్సం. పుస్తకం మూసిన వెంటనే పోతుంది. తెలిసిన ముఖం తెలియనిదిగా మారినప్పుడు కలిగే భయం పోదు. మా ఊళ్ళో మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతరలో భక్తులు రోజుకొక వేషం కడతారు. నాకు ఆరేడేళ్ళప్పుడు, వాటిలో "తోటి" అనే వేషం వేసి, ఒళ్ళంతా బొగ్గు పూసుకుని, వేపమండలు పట్టుకున్న ఒక మనిషి మా గుమ్మం ముందు నిలబడి నన్ను పేరుపెట్టి పిలిచాడు. గొంతు మా పక్కింటి అన్నది. ముఖం మాత్రం ఆయనది కాదు. అది అమ్మవారి మొక్కు అని, భయపడకూడదని అమ్మ చెప్పింది, దండం పెట్టాను. అయినా ఆ తరువాత చాలా రోజులు, మామూలు చొక్కాలో ఆ అన్న ఎదురైనప్పుడల్లా నేను ఆయన ముఖాన్ని రెండోసారి చూసి నిర్ధారించుకునేవాడిని. నవలలో అటువంటి చోటు ఎదురైతే మీ అనుభవంలోని అటువంటి ముఖాన్ని తలచుకోండి. రచయిత సగమే రాస్తాడు. మిగిలిన సగం మీ వీధిలోంచి రావాలి.

ఎనిమిదవ మెట్టు: శరీరం చెప్పేది వినడం

రోమాంచం, వణుకు, చెమట పట్టడం, గొంతు మారడం, ముఖం పాలిపోవడం సాత్వికభావాలుగా, అంటే లోపలి భావం ఒంటి మీద బయటపడే గుర్తులుగా, మన పెద్దలు ఏనాడో లెక్కపెట్టినవే. అవి కలిగితే పుస్తకాన్ని రెండు నిమిషాలు ఒళ్ళో పెట్టుకుని, గదిలోని చప్పుళ్ళను విని, మళ్ళీ మొదలుపెట్టండి. పడుకునే ముందు అరగంట ఇంకేదైనా పని చేసుకోండి.

ఈ నవలలలో తరచుగా వచ్చే ఒక దృశ్యం గురించి చెప్పాలి. పాత్రకు మెలకువ వస్తుంది, కాళ్ళూ చేతులూ కదలవు, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు బరువు, గదిలో ఇంకొకరు ఉన్నారన్న తెలివిడి. ఇది నిజంగా మనుషులకు కలిగే అనుభవమే. కలలు వచ్చే నిద్రదశలో కండరాలు పనిచేయకుండా మెదడు ఆపి ఉంచుతుంది. ఆ పట్టు వదలకముందే మెలకువ వస్తే ఇలా జరుగుతుంది. కొద్దిసేపటిలో దానంతటదే పోతుంది. ఈ సంగతి తెలియడం వల్ల దృశ్యం చప్పబడదు. ఎడమ వరుసలో రాయడానికి గట్టి వాక్యం దొరుకుతుంది, అందువల్ల కుడి వరుస ఇంకా బరువెక్కుతుంది.

తొమ్మిదవ మెట్టు: పైకి చదవడం, ఎవరి ముందు చదవాలి

ఇద్దరు ముగ్గురు కూర్చుని వంతులవారీగా పైకి చదివితే దాటవేసే అవకాశం ఉండదు. గొంతు తగ్గించి, సమమైన వేగంతో చదవాలి, నటన అక్కరలేదు. పసిపిల్లలు వినే చోట మాత్రం చదవకండి. ఇటీవల ఇంట్లో మరణం చూసినవారికి చనిపోయినవారు తిరిగివచ్చే కథ ఇవ్వకండి.

ఇంకొక మాట గట్టిగా చెప్పవలసి ఉంది. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కొట్టి చంపిన వార్తలు మన రాష్ట్రాలలో చదివాం. నవలలోని మంత్రగాడు నవలకే చెందినవాడు. ఎదురింటి ముసలమ్మ నిమ్మకాయను, పక్కింటి ముగ్గును ఆ కళ్ళతో చూడటం మొదలైతే, ఆ నవలను పక్కన పెట్టి ఇంకేదైనా చదవండి.

చివరి మెట్టు: ముగింపు, మళ్ళీ మొదలు

చివరి నలభై పేజీలను ఒకే రాత్రి, ఆగకుండా చదవండి. మధ్య మధ్య ఆగాలని ముందు చెప్పిన నియమాలు ఇక్కడ వర్తించవు. ముగించగానే ఎవరికీ చెప్పకండి; ఫోను తీయకండి. రెండు వరుసల పుస్తకంలో రచయిత ఏ వైపు నిలిచాడో గుర్తుపెట్టి, రెండవ వైపు ఉన్న వాక్యాలలో ఇంకా కొట్టివేయలేనివి ఎన్ని మిగిలాయో లెక్కించండి. కథ ఒక వైపు తేలినా ఆ రెండో వైపు రెండు మూడు వాక్యాలు మిగిలిపోతే, ఆ నవల మిమ్మల్ని చాలాకాలం వదలదు.

మరునాడు పగటి వెలుతురులో ముందుమాట చదివి, ఆ వెంటనే మొదటి అధ్యాయాన్ని మళ్ళీ చదవండి. ఈసారి వేరే రంగు కలంతో, మొదటిసారి మిమ్మల్ని దాటిపోయిన "ఎవరో"లను, "మళ్ళీ"లను మీ నోటుపుస్తకంలో రాసుకోండి. పుస్తకం మీద రాయకండి. నవలను స్నేహితులకు ఇచ్చే ముందు ఇంటి పటం, పేర్ల కాగితం, పేజీల మధ్య మరచిపోయిన చీటీలు అన్నీ తీసి దాచండి. పన్నెండో పేజీ అంచును ఒకసారి చూసి మరీ ఇవ్వండి.